వల ఊడ్చిన నేల నుంచి సముద్రం లెక్క: ట్రాల్ సర్వేతో అడుగు చేపల అంచనా వేయడం ఎలా

చెన్నై కాశిమేడు రేవులో దిగిన చేపనంతా తూకం వేసినా సముద్రంలో చేప ఎంతుందో తెలియదు. లాంచీలు చేప ఉన్న చోటికే వెళ్తాయి. ధర పలికే రకం కోసం వల మారుస్తాయి. ఒక చోట పలచబడితే ఇంకో ఇరవై మైళ్ళు అవతలికి పోయి అంతే సరుకు తెస్తాయి. రేవులో లెక్క నిలకడగా కనిపిస్తుండగానే అడుగున ఉన్న నిల్వ కరిగిపోవచ్చు. థాయ్‌లాండ్ సింధుశాఖ సంగతి తెలిసినవాళ్ళకు దీని తీవ్రత అర్థమవుతుంది. 1960ల మొదట్లో అక్కడి సర్వే వలలో గంటకు సుమారు 300 కిలోల చేప పడేది. 1980ల నాటికి అది 50 కిలోల దగ్గరికి వచ్చేసింది. ఆ పతనం అంత స్పష్టంగా బయటపడిందంటే ఏటా ఒకే తీరున వల లాగి రాసిపెట్టుకున్నవాళ్ళు ఉండబట్టే.

చెన్నైలో ఫిషరీస్, మెరైన్ బయాలజీ చదువుతున్న తెలుగు విద్యార్థులు చాలామంది ఉన్నారు. కాశిమేడు లాంచీల మీద శ్రీకాకుళం, నెల్లూరు వైపు నుంచి వచ్చిన కలాసీలూ ఉన్నారు. ఈ ఇద్దరూ ఒకే డెక్ మీద కలిసి పనిచేసే రోజు కోసం రాస్తున్నాను. ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా దగ్గరున్నట్టు పెద్ద ఓడలు, వల మీద సెన్సార్లు లేకపోయినా, అద్దె లాంచీతో చేయగలిగిన పద్ధతినే చెబుతాను. దీన్ని స్వెప్ట్ ఏరియా పద్ధతి అంటారు. ముందే లాటరీ వేసి పెట్టుకున్న చోట్ల వల లాగాలి, వల ఊడ్చిన నేల ఎంతో కొలవాలి, అందులో దొరికిన చేపను బట్టి మొత్తం ప్రాంతానికి లెక్క కట్టాలి.

ఏ చేప, ఏ ప్రాంతం

అడుగు ట్రాల్, అంటే లాంచీ వెనక నేలను ఊడుస్తూ లాగే వల, అడుగున తిరిగే చేపకే. ఇక్కడివాళ్ళు సంకరా అని పిలిచే ఎర్రచేప, గులివిందలు, కారలు, జెల్లలు, టేకులు, నాలుక చేపలు దీనికి సరిపోతాయి. కవళ్ళు, కానాగంతలు కూడా వలలో పడతాయి కానీ అవి నీటి మధ్యలో గుంపులుగా తిరిగేవి. వాటిని ఈ పద్ధతిలో లెక్కగడితే వచ్చే అంకెకు అర్థం ఉండదు. వాటి బరువు రాసుకోండి, అంచనా మాత్రం వేయకండి.

ప్రాంతాన్ని కూడా మొదటే గీసేయాలి. ఉదాహరణకు ఎన్నూరు నుంచి పులికాట్ ఎదుటి దాకా, 10 మీటర్ల లోతు నుంచి 100 మీటర్ల లోతు వరకు. మీ అంచనా ఆ గీతల లోపలి నేలకే వర్తిస్తుంది. వల పోని చోటి గురించి వల ఏమీ చెప్పలేదు.

మ్యాపు, లోతు పట్టీలు

చేపలు లోతును బట్టి సర్దుకుని ఉంటాయి. అందుకని ప్రాంతాన్ని లోతు పట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీకి విడిగా లెక్క చేసి, చివర్లో కలపాలి. మన తీరానికి 10–30, 30–60, 60–100 మీటర్లు అనే మూడు పట్టీలతో మొదలుపెట్టవచ్చు. పట్టీలు మరీ ఎక్కువైతే ఒక్కోదానికి లాగుళ్ళు సరిపోవు.

లోతుల డేటా జెబ్‌కో వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. తీరం దగ్గర అది అంత నమ్మదగ్గది కాదు. అక్కడ నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు చార్టులు చూడండి. మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో పట్టీలు గీసి వైశాల్యం తీసేటప్పుడు కొత్తవాళ్ళు తరచూ ఇరుక్కునే చోటు ఒకటుంది. మ్యాపు అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉండగా వైశాల్యం అడిగితే చదరపు డిగ్రీల్లో ఏదో అంకె రావచ్చు. ముందు మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర జోన్‌కు, అంటే ఈపీఎస్‌జీ 32644కు మార్చుకుని అప్పుడు చదరపు కిలోమీటర్లు తీయండి. చెన్నై ఆ జోన్‌లోకే వస్తుంది.

కాశిమేడువాళ్ళు పార్ అనే రాతి నేలలు ఈ మ్యాపుల్లో సరిగా కనపడవు. వాటికోసం లాంచీ నడిపే సరంగు దగ్గర కూర్చోవాలి. ఏ చోట వల చిరిగిందో అతని జీపీఎస్‌లో గుర్తులుంటాయి. ఆ ముక్కలను మ్యాపులో విడిగా గీసి, వల లాగగలిగిన నేల, లాగలేని నేల అని రెండు వైశాల్యాలు రాసుకోండి. రాతి నేలలో చేప సాంద్రత ఇసుక నేలలో ఉన్నట్టే ఉంటుందని ఊహించడానికి ఆధారం లేదు. అందుకే నా అభిప్రాయంలో దాన్ని అంచనాలో కలపకుండా, కలపలేదని రిపోర్టులో చెప్పేయడమే సరైన పని.

ఎన్ని లాగుళ్ళు, ఎక్కడెక్కడ

ఒక్కో పట్టీలో కనీసం మూడు లాగుళ్ళు ఉండాలి. రెండుంటే లెక్క నడుస్తుంది కానీ వచ్చే విచలనాన్ని, అంటే లాగుడుకూ లాగుడుకూ ఎంత తేడా ఉందో చెప్పే అంకెను, నమ్మలేం. ఒకటే అయితే అసలు విచలనమే రాదు. మొత్తం లాగుళ్ళను పట్టీల మధ్య పంచడానికి మంచి సూత్రం ఒకటుంది: పట్టీ వైశాల్యాన్ని, ఆ పట్టీలో చేప సాంద్రతకు ఉన్న ప్రామాణిక విచలనంతో గుణించి, ఆ నిష్పత్తిలో పంచాలి. పెద్ద పట్టీకీ, చేప ఒకచోట కుప్పగా ఒకచోట ఖాళీగా ఉండే పట్టీకీ ఎక్కువ లాగుళ్ళు వెళ్తాయి. మొదటి ఏడాది విచలనం తెలియదు కాబట్టి వైశాల్యాన్ని బట్టి పంచేయండి. రెండో ఏడాదికి డేటా మీ చేతిలోనే ఉంటుంది.

స్థానాలను కంప్యూటరే లాటరీ తీయాలి. క్యూజీఐఎస్‌లో పాలిగాన్ లోపల యాదృచ్ఛిక బిందువులు వేసే సదుపాయం ఉంది. కావాల్సినదానికి ఒకటిన్నర రెట్లు బిందువులు తీసి, వచ్చిన వరుసలోనే నంబర్లు వేయండి. ఏదైనా స్థానం రాయి మీదో, వలలు కట్టి ఉన్న చోటో పడితే జాబితాలో తర్వాతి నంబరు తీసుకోవాలి.

సముద్రం మీదికి వెళ్ళాక ఈ జాబితాను కాపాడుకోవడమే కష్టం. అనుభవమున్న సరంగుకు ఖాళీ నేల మీద వల వేయడమంటే ప్రాణం ఒప్పదు. "ఇక్కడేం పడదు సార్, ఇంకో అర్ధగంట అటు పోదాం, అక్కడ మాలు ఉంది" అంటాడు. అతను చెప్పేది నిజమే. కానీ అతని మాట విన్న మరుక్షణం సర్వే కాస్తా మామూలు వేట అయిపోతుంది. చేప లేని నేల కూడా సముద్రంలో భాగమే, దాని లెక్కా రావాలి. రేవు దాటకముందే ఈ విషయం అతనితో విడమరిచి మాట్లాడండి. అద్దెను పడిన చేపతో ముడిపెట్టకుండా రోజుకింత అని కుదుర్చుకుంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

కాలం, అనుమతులు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. నిషేధం ముగిసిన వారంలో ఉన్న చేపకూ, మార్చిలో ఉన్న చేపకూ పోలిక పెట్టలేం. ఏ నెల ఎంచుకున్నా ఏటా అదే నెల ఉండాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మన దగ్గర సముద్రం ఎప్పుడు ఊరుకుంటుందో చెప్పలేం కాబట్టి ఆ నెలలు వద్దు. జనవరి చివర, ఫిబ్రవరి నాకు నచ్చిన కాలం. మత్స్యశాఖ అనుమతి ముందే తీసుకోండి. తీరానికి దగ్గరి నీళ్ళు చిన్న పడవల కోసం కేటాయించినవి, అక్కడ ట్రాల్ వేయాలంటే ప్రత్యేకంగా అడగాలి, ఆ ఊళ్ళ పెద్దలకూ చెప్పాలి. ఉత్తరాన పులికాట్ వైపు వెళ్ళేవాళ్ళు శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఆ నీళ్ళలోకి పోనివ్వరని గుర్తుపెట్టుకోండి.

లాగుళ్ళన్నీ పగటిపూటే చేయండి. చాలా రకాలు రాత్రి అడుగు వదిలి పైకి లేస్తాయి, రొయ్యల్లో కొన్ని పగలు బురదలో దాక్కుంటాయి. పగలు కొన్ని, రాత్రి కొన్ని కలిపితే తేడా చేపదో, వేళదో తేల్చుకోలేరు.

వల, వైరు, డోర్లు

సర్వే వల మంచి వేట వల కానక్కర్లేదు. మారకుండా ఉండే వల కావాలి. హెడ్ రోప్ (వల నోటి పై అంచు తాడు) పొడవు, ఫుట్ రోప్ (కింది అంచు తాడు) పొడవు, దానికి కట్టిన గొలుసు బరువు, బెండ్ల సంఖ్య, డోర్ల (వల నోటిని పక్కలకు తెరిచి ఉంచే బరువైన పలకల) కొలత, బరువు, వల చివరి సంచి కన్ను పరిమాణం అన్నీ కొలిచి, ఫోటోలు తీసి దాచండి. చిన్న చేప లెక్క కూడా కావాలంటే సంచి లోపల సన్నకన్ను వల ఇంకొకటి వేసి కుట్టాలి.

లాంచీ నుంచి వలకు విడిచే వైరు పొడవుకు ముందే పట్టిక తయారు చేసుకోండి. లోతుకు ఎన్ని రెట్లు వైరు అన్నది లోతు తక్కువున్న చోట ఎక్కువగా, లోతు పెరిగేకొద్దీ తక్కువగా ఉంటుంది. సాధారణంగా మూడు నుంచి ఐదు రెట్ల మధ్య పెడతారు. వైరు తక్కువైతే డోర్లు నేల వదిలేస్తాయి, ఎక్కువైతే బురదలో కూరుకుపోతాయి. ఏ లోతుకు ఎన్ని బారలన్నది సరంగు అలవాటుకు వదలకుండా పట్టిక ప్రకారమే వదలాలి.

రెండు వైర్ల మీద గుర్తులు సమానంగా ఉన్నాయా అని ప్రతి సర్వేకు ముందూ ఒడ్డున పరిచి టేపుతో కొలవండి. చిన్న పనిలా కనిపిస్తుంది. అమెరికాలో ఆల్బట్రాస్ 4 అనే సర్వే ఓడ మీద 2000 ఫిబ్రవరి నుంచి 2002 దాకా రెండు వైర్ల గుర్తులు సరిపోలకుండానే సర్వేలు జరిగిపోయాయి. సంగతి బయటపడ్డాక అక్కడి మత్స్యకారులు మొత్తం అంచనాలనే ప్రశ్నించారు. ఒక వైరు పొడవై వల వంకరగా నడిస్తే దాని ప్రభావం ఎంతో తేల్చడానికి శాస్త్రవేత్తలు విడిగా ప్రయోగాలు చేయాల్సి వచ్చింది. ఒడ్డున అరపూట టేపు పట్టుకుని ఉంటే తప్పే తలనొప్పి అది.

లాగుడు

వేగం 2.5 నాట్ల (గంటకు 2.5 నాటికల్ మైళ్ళ) దగ్గర స్థిరంగా ఉంచండి. సమయం 30 నిమిషాలో, గంటో ఒకటి ఎంచుకోండి. ప్రపంచంలో ఇప్పుడు చాలా సర్వేలు 30 నిమిషాలకే పరిమితమయ్యాయి. బేరింగ్ సముద్రంలో అమెరికన్లు చేసే పెద్ద సర్వేలోనూ అంతే. తక్కువసేపు లాగితే రోజుకు ఎక్కువ స్థానాలు తిరగవచ్చు, లెక్కకు అదే మేలు. అయితే చేప పలచగా ఉన్న చోట చిన్న లాంచీతో గంట లాగితే సున్నాలు తగ్గుతాయి. కింది ఉదాహరణ గంట లాగుడుకే ఇస్తున్నాను.

లాగుడు లోతు గీత వెంబడే సాగాలి. మన తీరంలో అంటే దాదాపు ఉత్తర దక్షిణాలుగా. తీరం నుంచి లోపలికి లాగితే ఒకే లాగుడులో రెండు పట్టీలు దాటేస్తారు.

సమయం ఎప్పుడు మొదలైనట్టు? వల నీళ్ళలో పడ్డప్పుడు కాదు. కావాల్సినంత వైరు వదిలి, వైరు చుట్టే వించి బ్రేకు బిగించి, డోర్లు నేల పట్టాయని వైరు అదురు తెలిపినప్పుడు. ముగింపు వించి తిరిగి చుట్టడం మొదలైన క్షణం. ఈ రెండు క్షణాల్లోనూ జీపీఎస్ స్థానం, సమయం, లోతు రాయాలి, మధ్యలో ట్రాక్ రికార్డింగు నడుస్తుండాలి. రాసే మనిషి ఒక్కడే ఉండాలి, అతనికి వేరే పని అప్పగించకూడదు.

ఇంజిన్ చూపించే వేగాన్ని సమయంతో గుణించి దూరం తీయకండి. మన తీరంలో ప్రవాహం కాలాన్ని బట్టి దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి ఉత్తరానికి, అక్టోబరు తర్వాత దక్షిణానికి సాగుతుంది. నీటి మీద వేగం ఒకటి, నేల మీద వేగం ఇంకొకటి. మనకు కావాల్సింది నేల మీద దూరం.

వల రాయికి తగిలినా, సంచి చిరిగినా, డోర్లు మెలిపడినా ఆ లాగుడు చెల్లదు. ఎన్ని నిమిషాలు సక్రమంగా లాగితే చెల్లుతుంది, ఎంత చిరిగితే చెల్లదు అన్నది ఒడ్డునే రాసిపెట్టుకోండి. చేప చూశాక తీసుకునే నిర్ణయంలో మనకు తెలియకుండానే పక్షపాతం దూరుతుంది. చేప తక్కువ పడ్డ లాగుడు "ఏదో తేడా జరిగింది" అనిపిస్తుంది, ఎక్కువ పడ్డది బాగా లాగినట్టు అనిపిస్తుంది.

వల ఎంత వెడల్పు తెరుచుకుంది

మొత్తం లెక్కలో బలహీనమైన చోటు ఇదే. సెన్సార్లు లేనివాళ్ళు హెడ్ రోప్ పొడవును ఒక గుణకంతో గుణించి వెడల్పు తీస్తారు. ఆగ్నేయాసియా సర్వేల్లో ఈ గుణకం 0.4 నుంచి 0.66 దాకా వాడారు. మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1980లో 0.5ను మధ్యేమార్గంగా సూచించారు. ఎక్కువమంది అదే వాడుతున్నారు. వాడండి, కానీ అక్కడితో ఆగకండి. లాంచీ వెనక నిలబడి టేపుతో సరిచూసుకునే మార్గం ఒకటుంది.

రెండు వైర్లు వెనక కప్పీల నుంచి నీళ్ళలోకి దిగేటప్పుడు కొద్దికొద్దిగా విడిపోతూ పోతాయి. కప్పీల దగ్గర వాటి మధ్య దూరం కొలవండి. అక్కడి నుంచి వైరు వెంబడి సరిగ్గా ఒక మీటరు కిందికి వచ్చి మళ్ళీ కొలవండి. మొదటిది 3.00 మీటర్లు, రెండోది 3.20 మీటర్లు అనుకుందాం. మీటరుకు 20 సెంటీమీటర్లు విడిపోతున్నాయన్నమాట. వదిలిన వైరు 150 మీటర్లయితే డోర్ల మధ్య దూరం 3 + 0.20 × 150 = 33 మీటర్లు. వల నోటికి రెండు పక్కలా సాగే రెక్క కొస నుంచి సంచి దాకా వల పొడవు 40 మీటర్లు, డోరుకూ రెక్కకూ మధ్య తాడు 34 మీటర్లు అనుకుంటే, రెక్కల మధ్య వెడల్పు 33 × 40 ÷ 74, సుమారు 17.8 మీటర్లు. 34 మీటర్ల హెడ్ రోప్‌కు ఇది 0.52 గుణకం.

ఇందులో ఒక సెంటీమీటరు పొరబాటు డోర్ల దగ్గరికి చేరేసరికి మీటరున్నర అవుతుంది. లాంచీ ఊగుతుంటే ఒక్కసారి కొలిచిన అంకె పనికిరాదు. లాగుడు మధ్యలో అలలు కాస్త నెమ్మదించినప్పుడు ఐదారుసార్లు కొలిచి సగటు తీయండి. వైరు తిన్నని గీతలా కాక కొంచెం వంగి ఉంటుంది కాబట్టి ఇదీ ఉజ్జాయింపే. అయినా హెడ్ రోప్‌ను కళ్ళు మూసుకుని సగం చేయడం కంటే మీ వల గురించి, ఆ రోజు లోతు గురించి ఏదో ఒకటి చెబుతుంది.

ఇంకో చిక్కుంది. డోర్లు లేపిన బురద మేఘం, తాళ్ళు కలిసి చేపను వల నోటి వైపు తోలుతాయి. అలా తోలబడే రకాలకు వల ఊడ్చిన వెడల్పు రెక్కల మధ్య దూరం కంటే ఎక్కువే. సంకరా లాంటి ఈదే చేపకు ఇది వర్తించవచ్చు, బురదలో అతుక్కుని ఉండే నాలుక చేపకు అంతగా కాదు. రెక్కల వెడల్పు వాడారా, డోర్ల వెడల్పు వాడారా అన్నది ప్రతి పట్టిక మీదా రాయాలి.

డెక్ మీద

సంచి ముడి విప్పగానే కుప్ప డెక్ మీద పడుతుంది. మొదట మొత్తం బరువు తీయాలి. ట్రేల్లోకి ఎత్తి, వేలాడే కాటాతో ఒక్కొక్కటీ తూచండి. తర్వాత పెద్ద టేకులు, పెద్ద జెల్లలు, అరుదుగా పడ్డ రకాలు ఏరి విడిగా తూచి, లెక్కబెట్టండి. ఇవి నమూనాలోకి రాకూడదు. ఒక 8 కిలోల టేకు నమూనా ట్రేలో పడిందంటే దాన్ని హెచ్చవేసినప్పుడు లేని టేకులు పుట్టుకొస్తాయి.

మిగిలిన చిన్నచేపను మొత్తం ఏరడం కుదరకపోతే నమూనా తీయాలి. పైపైన ట్రే నింపితే తప్పుతారు. కుప్పలో చిన్నవి, జారేవి కిందికి దిగిపోతాయి, లాంచీ వాలిన వైపుకు జారతాయి. పారతో కుప్పనంతా రెండుసార్లు తిరగేసి, నాలుగు పక్కల నుంచీ, అడుగు నుంచీ ఎత్తండి. కలాసీలు అలవాటుగా మంచి చేపను ముందే ఏరేస్తారు. నమూనా తీసేదాకా కుప్ప మీద చెయ్యి వేయవద్దని మొదటి లాగుడుకే చెప్పాలి.

అంకెలతో చూద్దాం. మొత్తం 240 కిలోలు పడింది. పెద్దవి 30 కిలోలు ఏరాక 210 మిగిలింది. అందులో 42 కిలోలు నమూనా తీశారు. గుణకం 210 ÷ 42 = 5. నమూనాలో సంకరాలు 42, బరువు 2.52 కిలోలు. ఐదు రెట్లు చేస్తే లాగుడు మొత్తంలో 12.6 కిలోలు, 210 చేపలు, సగటున ఒక్కోటి 60 గ్రాములు.

పొడవు కొలిచే పలక మీద ముక్కును ఆనించి కొలవాలి. సంకరాల్లో బాగా దొరికే జపానికస్ రకానికి తోక పైకొమ్మ నుంచి పసుపుపచ్చ పోగు ఒకటి పొడుగ్గా సాగి ఉంటుంది. వలలో అది తరచూ తెగిపోతుంది. ఆ పోగు చివరి దాకా కొలిస్తే ఒకే సైజు చేపలు రెండు పొడవులుగా నమోదవుతాయి. తోక చీలిక దగ్గరికే కొలవండి, మొత్తం సర్వే అంతా అలాగే. నాలుక చేపలకు చీలిక లేదు కాబట్టి పూర్తి పొడవు. టేకులకు రెక్కల మధ్య వెడల్పు.

ఏ రకం పడకపోయినా ఆ గడిలో సున్నా రాయండి. ఖాళీగా వదిలిన గడిని ఆరు నెలల తర్వాత చూసినవాళ్ళకు చేప లేదో, కొలవలేదో తెలియదు. ఎక్సెల్ ఖాళీ గడులను సగటులో లెక్కలోకి తీసుకోదు, ఆ ఒక్క దోషంతో సాంద్రత ఎగబాకుతుంది.

లెక్క

ముందు దూరం. లాగుడు 13°20.0′ ఉత్తరం, 80°30.0′ తూర్పు దగ్గర మొదలై 13°22.4′, 80°30.6′ దగ్గర ముగిసిందనుకోండి. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు. రేఖాంశంలో నిమిషం అంతకంటే కొంచెం తక్కువ, ఆ అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. ఇక్కడ 0.973. కాబట్టి ఉత్తరానికి 2.4 మైళ్ళు, తూర్పుకు 0.6 × 0.973 = 0.584. దూరం = √(2.4² + 0.584²) = 2.47 నాటికల్ మైళ్ళు. 1.852తో గుణిస్తే 4.574 కిలోమీటర్లు. లాంచీ మలుపు తిరిగి ఉంటే ఈ సూత్రం వద్దు, జీపీఎస్ ట్రాక్ పొడవే తీసుకోండి.

వల వెడల్పు 34 మీటర్ల హెడ్ రోప్‌లో సగం, 17 మీటర్లు, అంటే 0.017 కిలోమీటర్లు అనుకుంటే ఊడ్చిన నేల 0.0778 చదరపు కిలోమీటర్లు. సంకరా సాంద్రత 12.6 ÷ 0.0778, చదరపు కిలోమీటరుకు సుమారు 162 కిలోలు. ఇదే లాగుడుకు గుణకం 0.5 బదులు 0.4 వాడితే 203 కిలోలు, 0.66 వాడితే 123 కిలోలు. సముద్రంలో ఒక్క చేపా పెరగలేదు, తగ్గలేదు. వెడల్పు మీద అంత సేపు ఆగింది ఇందుకే.

ఇక పట్టీలు. కిందివి కల్పించిన అంకెలు, లెక్క చూపించడానికే.

10–30 మీటర్ల పట్టీ 600 చదరపు కిలోమీటర్లు. నాలుగు లాగుళ్ళలో సాంద్రతలు (చదరపు కిలోమీటరుకు కిలోల్లో) 40, 100, 60, 120. సగటు 80. వైశాల్యంతో గుణిస్తే 48 టన్నులు.

30–60 పట్టీ 500 చదరపు కిలోమీటర్లు. ఐదు లాగుళ్ళు: 120, 300, 200, 160, 220. సగటు 200. 100 టన్నులు.

60–100 పట్టీ 300 చదరపు కిలోమీటర్లు. మూడు లాగుళ్ళు: 0, 90, 60. సగటు 50. 15 టన్నులు.

మొత్తం 163 టన్నులు. పన్నెండు లాగుళ్ళనూ ఒకే కుప్ప చేసి సగటు తీసి ఉంటే 171.5 టన్నులు వచ్చేది. చేప ఎక్కువున్న మధ్య పట్టీలో లాగుళ్ళు ఎక్కువ కావడంతో వచ్చిన తేడా అది.

ఇప్పుడు ఈ 163 ఎంత గట్టిదో చూడాలి. ఒక్కో పట్టీలో సగటు నుంచి ప్రతి లాగుడు తేడాను వర్గం చేసి, కలిపి, లాగుళ్ళ సంఖ్యలో ఒకటి తగ్గించి భాగిస్తే విస్తృతి వస్తుంది. మొదటి పట్టీకి 4000 ÷ 3 = 1333. దాన్ని లాగుళ్ళ సంఖ్యతో మళ్ళీ భాగిస్తే సగటు విస్తృతి 333. మిగతా రెండింటికి ఇలాగే 920, 700. ఒక్కోదాన్ని దాని పట్టీ వైశాల్యపు వర్గంతో గుణించి కలిపితే 12 కోట్లు + 23 కోట్లు + 6.3 కోట్లు = 41.3 కోట్లు. వర్గమూలం సుమారు 20,300 కిలోలు, అంటే 20.3 టన్నులు. 163లో ఇది పన్నెండున్నర శాతం.

95 శాతం హద్దుల కోసం, అంటే అసలు అంకె ఏ రెండింటి మధ్య ఉండొచ్చో చెప్పడానికి, చాలామంది రెండుతో గుణించేస్తారు. లాగుళ్ళు ఇంత తక్కువున్నప్పుడు అది చాలదు. టి పట్టిక చూసి సుమారు 2.3తో గుణించాలి. వచ్చేది సుమారు 47 టన్నులు. అంటే 116 నుంచి 210 టన్నుల మధ్య. రిపోర్టులో 163 ఎక్కడ రాసినా పక్కనే ఈ రెండు అంకెలూ ఉండాలి. హద్దులు సగానికి తగ్గాలంటే లాగుళ్ళు రెండింతలు సరిపోవు, సుమారు నాలుగింతలు కావాలి. బడ్జెట్ అడిగేటప్పుడు ఈ ఒక్క వాక్యం పనికొస్తుంది.

ఏదో ఒక లాగుడులో గుంపు పడి సాంద్రత ఒక్కసారిగా 3000 వచ్చిందనుకోండి. తీసేయాలనిపిస్తుంది. తీయకండి, గుంపులుగా ఉండటం ఆ చేప స్వభావం. సున్నాలు ఎక్కువ, అప్పుడప్పుడూ భారీ అంకెలు ఉన్న డేటాకు సున్నాలను విడిగా, మిగతావాటిని లాగరిథంలోకి మార్చి లెక్కగట్టే డెల్టా పద్ధతి ఉంది. మైఖేల్ పెన్నింగ్టన్ 1983లో దీన్ని సర్వేల కోసం వివరించారు. మామూలు పద్ధతి, డెల్టా పద్ధతి రెండింటి ఫలితాలూ పక్కపక్కన చూపించండి.

వలకు దొరకని చేప

పైన వేసిన 163 టన్నుల లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. వల దారిలో ఉన్న ప్రతి చేపా వలలో పడిందన్న ఊహ. నిజానికి కొన్ని హెడ్ రోప్ మీదుగా దాటిపోతాయి, కొన్ని ఫుట్ రోప్ కింద నక్కుతాయి, చిన్నవి కన్నుల్లోంచి జారుకుంటాయి. దారిలో ఉన్నవాటిలో సగమే పడతాయని ఆగ్నేయాసియాలో చాలామంది 0.5తో భాగించారు. అలా చేస్తే మన 163 టన్నులు 326 అవుతాయి. ఒక్క ఊహతో నిల్వ రెట్టింపైంది.

ఇంత పెద్ద మార్పును ఒక పాఠ్యపుస్తకపు గుణకం మీద వదలడం నాకు ఇష్టం ఉండదు. అందుకే 1 వాడి, "వలకు దొరికే మేరకు కనీస అంచనా" అని స్పష్టంగా రాయమంటాను. పడవల సంఖ్య తగ్గించాలా, పెంచాలా అన్న నిర్ణయం ఎవరైనా మీ అంకె మీద తీసుకుంటే ఆ 326 ఒడ్డున ఎవరి కడుపు మీదికో వస్తుంది. సహజ మరణాల రేటును నిల్వతో గుణించి, సగం చేసి "ఇంత పట్టుకోవచ్చు" అని చెప్పే గల్లాండ్ సూత్రం విషయంలోనూ ఇదే జాగ్రత్త. అది ఇంకా వేట సోకని నిల్వ కోసం చెప్పినది. పైగా ఆ సగం కూడా చాలా చేపలకు ఎక్కువేనని 1983లో బెడింగ్టన్, కుక్ చూపించారు. దశాబ్దాలుగా ట్రాల్ నడుస్తున్న చెన్నై నేలకు దాన్ని తెచ్చి అంటించకూడదు.

టన్నుల అంకె కంటే మీ సర్వే గట్టిగా చెప్పగలిగేది ఏటికేడు మార్పు. వల సగం చేపనే పడుతుందనుకుందాం. ఏటా అదే సగం పడుతుంటే, గత ఏడాది చదరపు కిలోమీటరుకు 116 కిలోలున్నది ఈ ఏడాది 70కి పడిందన్న మాట నిలుస్తుంది, అసలు టన్నులు ఎంతైనా సరే. హద్దులు ఒకదానిమీద ఒకటి బాగా పడుతుంటే మాత్రం తగ్గిందని తొందరపడి చెప్పకండి. మూడు నాలుగేళ్ళ వరుస ఉంటేనే దిశ తెలుస్తుంది. పొడవుల పట్టిక ఇక్కడ తోడొస్తుంది. మొత్తం బరువు నిలకడగా ఉన్నా పెద్ద చేపలు ఏటా తగ్గిపోతుంటే అది ముందే కనపడుతుంది.

వచ్చే ఏడాది కోసం

ఈ పోలికంతా వల మారకపోవడం మీదే నిలబడి ఉంది. కానీ వల చిరుగుతుంది, లాంచీ అమ్మేస్తారు, డోర్లు తుప్పు పడతాయి. మార్చక తప్పనప్పుడు పాతదీ కొత్తదీ పక్కపక్కన ఒకే చోట, ఒకే సమయంలో లాగి, రెండింటి మధ్య నిష్పత్తి తీయాలి. ఆల్బట్రాస్ 4 స్థానంలో హెన్రీ బిగెలో అనే కొత్త ఓడ వచ్చినప్పుడు 2008లో అమెరికన్లు ఇలా వందలాది జంట లాగుళ్ళు లాగాకే పాత ఓడను పక్కన పెట్టారు. మనం అంత చేయలేకపోయినా లోతు పట్టీకి కొన్ని జంటలైనా లాగగలం. రెండో లాంచీ అద్దె భారమనిపిస్తే అదే లాంచీ మీద పాత వల ఒకసారి, కొత్త వల ఒకసారి, వరుస మార్చి మార్చి వేయవచ్చు.

కాబట్టి కొత్త డోర్లు కొన్న రోజు పాతవాటిని ఇనుప సామాన్ల కొట్టుకు వేయకండి. రంగు వేసి, బరువు రాసి, జంట లాగుళ్ళు పూర్తయ్యేదాకా షెడ్డులో ఉంచండి. డెక్ మీద తడిసిన అసలు కాగితాలు స్కాన్ చేసి, లెక్కకట్టిన ఫైలుకు దూరంగా, ఎవరూ దిద్దలేని చోట ఒక కాపీ దాచండి.